ట్రాక్టరు ఇంజనునకు నూనె: ఏది పోయవలెను, ఎన్ని గంటలకు మార్చవలెను?

బండి యిరుసునకు కందెన వేయక పొలమునకు బయలుదేరు రైతు మన పెద్దల కాలమున అరుదు. మఱచినను ఇరుసు కీచుమని ఊరంతటికి చాటెడిది. ట్రాక్టరు ఇంజను అట్లు ముందుగా మొఱపెట్టుకొనదు. లోపలి నూనె చెడినను అది దున్నుచునే యుండును. తుదకొకనాడు దమ్ము నడుమ పట్టివేసి నిలిచిపోవును. అప్పుడు క్రాంకు, బేరింగులు, పిస్టన్లు అన్నియు విప్పవలసినదే. మరమ్మతు ఖర్చు ఒక యెత్తు, నారు ముదురుచుండగా అద్దె ట్రాక్టరునకై తిరుగుట మఱియొక యెత్తు. అప్పు తెచ్చి ట్రాక్టరు కొన్నవానికి ఆ సంవత్సరపు వాయిదా చెల్లించుట కష్టమగును.

నూనె మార్చుటను గూర్చి గ్రామములలో రెండు అభిప్రాయములు కలవు. నల్లబడిన వెంటనే పాఱబోయవలెనని కొందఱందురు. వ్రేళ్ళ నడుమ నలిపినప్పుడు జిడ్డుగనే యున్నచో మార్చనక్కఱ లేదని మఱికొందఱందురు. రెండును సరికావు. డీజిలు మండినప్పుడు మసి పుట్టును. నేటి నూనెలలో కలిపెడి మందులు ఆ మసిని లోహమునకు అంటుకొననీయక నూనెలోనే తేలియుండునట్లు చేయును. కావున క్రొత్త నూనె పోసిన కొద్ది గంటలకే నల్లబడుట అది తన పని చేయుచున్నదనుటకు గుర్తే కాని చెడినదనుటకు గుర్తు కాదు. ఇక జిడ్డు సంగతి. మసిని పట్టియుంచెడి మందు, ఆమ్లములను విఱిచెడి మందు ఖర్చయిపోయినను నూనె జిడ్డుగనే యుండును. ఆ లోపమును కన్నుగాని వ్రేలుగాని కనిపెట్టజాలదు. లెక్క యొక్కటే కనిపెట్టగలదు. ఆ లెక్క నెలలతో గాక, ఇంజను నడచిన గంటలతో వేయవలెను.

ముందు నూనె నెన్నుకొనుట చూతము. డబ్బాపై రెండు గుర్తులుండును. మొదటిది చిక్కదనమును తెలుపు ఎస్.ఏ.ఇ. అంకె. 20డబ్ల్యూ-40 లేక 15డబ్ల్యూ-40 అని యున్నచో, మొదటి అంకె చలిలో నూనె ఎంత సులభముగా పాఱునో, రెండవది ఇంజను కాగినప్పుడు ఎంత చిక్కదనము నిలుపుకొనునో చెప్పును. మన మైదాన ప్రాంతములలో గడ్డకట్టు చలి లేదు గనుక మొదటి అంకెకై మిక్కిలి తర్కింప బనిలేదు. రెండవదానిని మాత్రము పుస్తకములో చెప్పినట్లే పాటింపవలెను. పాతబడి నూనె త్రాగుచున్న ఇంజనునకు ఇంకను చిక్కని నూనె పోసినచో బాగుపడునని కొందఱు మేస్త్రీలు చెప్పుదురు. పొగ కొన్నాళ్ళు తగ్గవచ్చును గాని, బోరుకు వచ్చిన ఇంజను నూనెచేత నయము కాదు.

రెండవ గుర్తు ఏ.పి.ఐ. అక్షరములు. 'ఎస్' అక్షరముతో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు, 'సి'తో మొదలగునవి డీజిలు ఇంజనులకు ఉద్దేశింపబడినవి. సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4 అనునవి వరుసగా మెఱుగైన తరగతులు. పుస్తకములో చెప్పినదానికంటె పై తరగతి సాధారణముగా పోయవచ్చును. క్రింది తరగతి పోయరాదు. ఈ రెండు గుర్తులు సరిపోయి, సరుకు నిజమైనదైనచో, ఏ కంపెనీ పేరైనను ఒక్కటే. ప్రత్యేకముగా సీసాలలో అమ్మెడి బలవర్ధక ద్రవములకు రూకలు తగులబెట్టుట వ్యర్థము. ఇంజను నూనెను గేరుపెట్టెలోను, నూనెలో మునిగియుండు బ్రేకులున్న వెనుక భాగములోను పోయరాదు. వానికి వేఱు నూనె కలదు.

గంటల మాటకు వత్తము. క్రొత్త ట్రాక్టరునకు మొదటి మార్పు సాధారణముగా 50 గంటలకు చేయింతురు; అరుగుదలలో రాలిన లోహపు రజను దానితో పోవును. పిమ్మట నేటి రకములలో పెక్కింటికి 250 గంటలని యుండును. పాత రకములకు అందులో సగమే యుండవచ్చును. ఎవరి పుస్తకము వారికి ప్రమాణము. పుస్తకము పోయినచో ఆ రకమునకు చెందినదానిని అమ్మకపుదారునొద్ద అడిగి తెచ్చుకొనుడు.

పుస్తకపు గంటలు సాధారణమైన పనికి చెప్పినవి. దమ్ములోను రోటవేటరుతోను రోజంతయు పూర్తి బరువున నడచునది, వేసవి దుక్కిలోను నూర్పిళ్ళలోను దుమ్ము మ్రింగునది అంతవఱకు ఆగరాదు. మూడవ వంతు ముందుగనే మార్చుట మేలని మా అభిప్రాయము. ఎఱ్ఱమట్టి దుమ్ములో ఇసుక రేణువులున్నవి. గాలి జల్లెడ సరిగా లేనిచో అవి లోపలికి పోయి, నూనెలో కలిసి, సానరాయివలె లైనరును అరగదీయును. నూనె గిన్నె గల పాత రకపు గాలి జల్లెడను దుమ్ము దినములలో ప్రతి ఉదయమును విప్పి చూడవలెను. ఇది చేయక ఖరీదైన నూనె పోసి లాభమేమి?

గంటకం మఱొకటి: గంధకము. డీజిలులోని గంధకము మండి ఆమ్లమై నూనెను పాడుచేయును. దేశమంతట డీజిలులో గంధకపు హద్దు 2017 ఏప్రిల్ నుండి పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళు. 2020 ఏప్రిల్ 1 నుండి 10 పాళ్ళే. కావున పూర్వపు భయములలో ఒకటి చాలవఱకు తగ్గినది. దుమ్ము మాత్రము తగ్గలేదు.

పాత ట్రాక్టర్ల మీటరు గడియారము కాదు. అది ఇంజను త్రిప్పులను లెక్కించును. సగము వేగమున రెండు గంటలు నడచినచో ఒక గంటయే చూపును. మీటరు చెడినవారు డీజిలు లెక్క పట్టవచ్చును. గంటకు సుమారు 4 లీటర్లు త్రాగు ట్రాక్టరు 1,000 లీటర్లు త్రాగుసరికి 250 గంటలు నడచినట్లే. బంకు చీటీలు ఒక తీగకు గ్రుచ్చినను చాలును. సంవత్సరమంతయు అన్ని గంటలు నడువని ట్రాక్టరునకు ఏడాదికొక మారు మార్చవలెను. నిలిచియున్న ఇంజనులో చెమ్మ చేరి నూనెను చెఱచును. తగ్గినంత పైన పోయుట మార్చుట కాదు. పాత మసి, పాత ఆమ్లము లోపలనే యుండును.

ఖర్చు చూడుడు. చాంబరు 8 లీటర్లు పట్టుననియు, లీటరు 300 రూపాయలనియు, ఫిల్టరు 400 రూపాయలనియు అనుకొందము. మొత్తము 2,800. దీనిని 250 గంటలకు పంచినచో గంటకు 11 రూపాయల చిల్లర. అదే గంటలో 4 లీటర్ల డీజిలునకు, లీటరు 100 చొప్పున, 400 రూపాయలగును. నూనె ఖర్చు డీజిలు ఖర్చులో నూటికి మూడు వంతులైనను లేదు. ఇందులో మిగుల్చుకొనబోయి ఇంజనును పణమొడ్డుట ఏమి లెక్కయో తెలియదు.

మార్చునప్పుడు ఇంజనును కొంతసేపు నడపి, వెచ్చగా నుండగా, సమతలమున నిలిపి, అడుగు మర విప్పవలెను. చల్లని నూనె మడ్డిని లోపలనే విడిచిపోవును. ఫిల్టరును కూడ మార్చవలెను. ప్రతి ఉదయము ఇంజను కదలింపకమునుపు గేజి కడ్డీ చూచుట విడువరాదు. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. మట్టము తగ్గుటకు మాఱు పెరిగినచో డీజిలో నీరో దిగుచున్నది. ఇది తఱచుగా రైతులకు సంతోషము కలిగించు గుర్తు, కాని మిక్కిలి చెడ్డ గుర్తు. ఈ రెంటిలో ఏది కనబడినను ఇంజను నడపక మేస్త్రీని పిలువవలెను.

విడి నూనె కొనకుడు. వాడిన డబ్బాలలో వడగట్టిన పాత నూనె నింపి అమ్ము మోసగాండ్రున్నారు. కావున ఖాళీ డబ్బాకు రంధ్రము పొడిచి పాఱవేయుడు. సభ్యులందఱి అవసరము సార్వాకు ముందు లెక్కగట్టి, సంఘము ద్వారా సీలు డబ్బాలు ఒక్కసారిగ తెప్పించుకొన్నచో ధరయు తగ్గును, సరుకును నమ్మదగియుండును. దించిన నూనెను కాలువలోగాని బావిగట్టునగాని పోయక, సంఘపు గిడ్డంగిలో మూతగల పీపా యొకటి యుంచి అందు చేర్చవలెను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనలలో వాడిన నూనెయు చేరియున్నది గనుక, పీపా నిండినప్పుడు దానిని అనుమతిగల శుద్ధిదారునకే అమ్మవలెను.