కంప్యూటరుకూ రేడియోకూ తగాదా

కొన్నేళ్ళ కిందటి సంగతి. మా అమ్మకు అప్పటికే తొంభై ఏళ్ళు దగ్గరపడినై. కంటిచూపు దాదాపు పోయింది. ఆమెకు కాలక్షేపమల్లా ఒక పాత రేడియో. ఆ రోజుల్లో మా ఊళ్ళో విజయవాడ కేంద్రం మీడియం వేవులో 837 కిలోహెర్ట్‌జుల మీద చక్కగా వినిపించేది. తెల్లవారగానే భక్తిరంజని, ఆ తరవాత వార్తలు – ఆమె రేడియో పక్క నుంచి కదిలేది కాదు.

మా మనవడు తొమ్మిదో తరగతికి రాగానే వాళ్ళ నాన్న వాడికి ఒక కంప్యూటరు కొనిపెట్టాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో తగాదా! వాడు మీట నొక్కగానే రేడియోలో కందిరీగల తుట్టె కదిలినట్టు “బుర్ర్” మని ఒకటే మోత. వాడు చదువుకునేదీ ఉదయమే, ఆమె రేడియో వినేదీ ఉదయమే. చివరకు ఆమే, “చదువుకునే పిల్లవాణ్ణి ఏమీ అనకండి,” అంటూ రేడియో కట్టేసి గోడకు చేరగిలబడి కూర్చున్నది. నాకు మనసొప్పలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంట్లో మోతకు కారణం కనుక్కోలేనా?

పిల్లలూ, రేడియో స్టేషను చేసే పని ఏమిటి? ఎత్తైన స్తంభంలో విద్యుత్తును మహావేగంగా ముందుకూ వెనక్కూ ఊపుతుంది. 837 కిలోహెర్ట్‌జులంటే సెకండుకు 8 లక్షల 37 వేల సార్లు. అలా ఊగే విద్యుత్తు నుంచి తరంగాలు బయలుదేరి మన రేడియోను చేరతాయి.

కంప్యూటరులోనూ విద్యుత్తు ఊగుతూనే ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటు దానికి నేరుగా పనికిరాదు. దాన్ని తక్కువ వోల్టుల కరెంటుగా మార్చటానికి లోపల ఒక పెట్టె ఉంటుంది. అది కరెంటును సెకండుకు కొన్ని పదుల వేల సార్లు, ఒక్కొక్కప్పుడు లక్షకు పైగా, తెంచి కలుపుతూ ఉంటుంది. ఇలా ఠక్కున తెంచి ఠక్కున కలిపే విద్యుత్తుకు ఒక గుణం ఉన్నది. అది తన వేగంలోనే కాక, ఆ వేగానికి గుణిజాలైన వేగాలలో కూడా తరంగాలు పుట్టిస్తుంది. సెకండుకు 93 వేల సార్లు అనుకోండి. 93ను 9తో హెచ్చవేసి చూడండి. వచ్చి సరిగ్గా మా అమ్మ వినే స్టేషను మీదనే కూర్చున్నది! ఇక కంప్యూటరుకు తగిలించిన తీగలూ, గోడలోని వైర్లూ ఏరియళ్ళ పని చేస్తాయి. ఎవరూ కోరకుండానే ఇంట్లో ఒక చిన్న రేడియో స్టేషను వెలిసిందన్నమాట.

ఈ మోతతో పాట పాడించినవాడు కూడా ఉన్నాడు. 1975లో అమెరికాలో ఆల్టేర్ 8800 అనే కంప్యూటరు వచ్చింది. అక్షరాల మీటలు లేవు, తెర లేదు. ముందువైపు స్విచ్చులూ, చిన్న దీపాలూ, అంతే. స్టీవ్ డాంపియర్ అనే ఆయన పక్కనే ఉన్న రేడియోలో మోత వినపడటం గమనించాడు. కంప్యూటరు చేసే లెక్కను బట్టి మోత శ్రుతి మారుతున్నది! ఏ లెక్కకు ఏ స్వరమో పట్టుకుని, కాలిఫోర్నియాలో కంప్యూటరు ప్రియుల సమావేశంలో బీటిల్స్ బృందం పాట ఒకటి వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాని ఇరుగుపొరుగు వారికి ఇది వేడుక కాదు. ఇంటింటా కంప్యూటర్లు వచ్చేసరికి రేడియోలూ టీవీలూ పాడవుతున్నాయని ఫిర్యాదులు వచ్చినై. 1979లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ మోతకు హద్దులు విధించింది.

ఇక మా ఇంటి కథకు వద్దాం. రేడియోలో బ్యాటరీలు వేసి, ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి, చేత పట్టుకుని ఇల్లంతా తిరిగాను. దూరం వెళ్ళిన కొద్దీ మోత తగ్గింది. గోడలో వైర్లున్న చోట మళ్ళీ హెచ్చింది. అంటే మోత వైర్ల వెంట కూడా పాకుతున్నదన్నమాట. ఆ తరవాత మనవడి చేత ఒక్కొక్క వస్తువునే ఆపించాను. ఒకేసారి రెండు ఆపితే దొంగ ఎవరో తెలియదు గదా. వింత చూడండి: కంప్యూటరు పూర్తిగా ఆపినా సగం మోత మిగిలే ఉన్నది!

“తాతయ్యా, కంప్యూటరు ఆపేశానుగా!” అన్నాడు వాడు.

మానిటరు అడాప్టరు పీకించాను. మోత ఆగింది. పాతది చెడిపోతే, చవకగా వచ్చిందని పేరూ ఊరూ లేనిది ఒకటి తెచ్చి తగిలించాడు మా వాడు. ఇలాంటి వాటిలో మోతను వడకట్టే భాగాలను ఖర్చు కలిసివస్తుందని మానేస్తూంటారు. మంచిది తెచ్చి పెట్టాం.

మిగిలిన సగానికి కారణం కంప్యూటరు పెట్టె. ఎండాకాలం వేడికి తాళలేదని మా వాడు దాని పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టాడు! ఆ రేకు అలంకారానికి కాదు. 1836లో ఫారడే అనే శాస్త్రజ్ఞుడు లోహపు రేకు తొడిగిన పెద్ద పెట్టెలో కూర్చుని, బయట ఎంత విద్యుత్తు ఎక్కించినా తనను తాకదని చూపించాడు. లోహపు పెట్టె లోపలి అలజడిని బయటికి పోనివ్వకుండానూ చాలావరకు ఆపుతుంది. రేకు బిగించాం, మోత కొంచెం తగ్గింది. బాగా తగ్గించింది మాత్రం ఎర్తు వైరు. మూడు పిన్నుల సాకెట్టులో పెద్ద రంధ్రం ఉన్నది గాని, దాని వెనక తీగే లేదు! ఎలక్ట్రీషియన్ను పిలిచి వేయించాం. మోత సంగతి అలా ఉంచండి, ఎర్తు లేకపోతే ప్రాణానికే ముప్పు. మూడో పిన్ను విరిచి రెంటితో సరిపెట్టేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్ని కంప్యూటరు తీగల చివర నల్లని గుండ్రటి ముడి లాటిది ఉంటుంది, చూశారా? దానిలో ఫెర్రైటు ఉంటుంది. అది వేగంగా ఊగే విద్యుత్తుకు అడ్డుపడుతుంది. తీగకు పైనుంచి తగిలించే ఫెర్రైటు ముక్కలు విడిగానూ దొరుకుతాయి. నేను రెండు తెప్పించాను. ఒకదానితో తేడా తెలిసింది, రెండోదానితో ఏమీ తెలియలేదు.

ఖర్చులేని ఉపాయం మరొకటి ఉన్నది. మీడియం వేవు కోసం రేడియో లోపల ఒక ఫెర్రైటు కడ్డీ ఉంటుంది. అది అన్ని దిక్కుల నుంచీ సమానంగా వినదు. రేడియోను ఉన్నచోటనే మెల్లిగా తిప్పితే మోత సన్నగిల్లి స్టేషను నిలబడే దిక్కు ఒకటి దొరకవచ్చు. మా అమ్మ రేడియోను కిటికీ దగ్గరికి మార్చి, కొంచెం ఏటవాలుగా పెట్టాం.

ఒక్కమాట. కరెంటు మార్చే పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకిన తరవాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ ఉండవచ్చు. సాకెట్ల పని ఎలక్ట్రీషియన్‌దే.

మర్నాడు ఉదయం మా అమ్మ భక్తిరంజని అంతా విన్నది. వార్తలు కూడా అయిపోయినై. అప్పుడు నన్ను పిలిచి, “వాడికి ఒంట్లో బాగా లేదా ఏమిట్రా? ఇవాళ కంప్యూటరు ముందు కూర్చోలేదే!” అన్నది.

వాడు తెల్లవారుజామున అయిదింటి నుంచీ దాని ముందే ఉన్నాడు.