బోర్డు ఒకటి, లోపల సరుకొకటి... మరి నీళ్లు సరిపోతాయా?

ఈసారి మాల్‌కో మల్టీప్లెక్స్‌కో వెళ్లినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. సీలింగ్‌కి అక్కడక్కడా చిన్న ఎర్రటి గాజు గొట్టంతో ఓ మూతి కనిపిస్తుంది. అదే స్ప్రింక్లర్. మామూలుగా వాడే రకంలో 68 డిగ్రీల వేడికి ఆ గాజు పగిలి నీళ్లు చిమ్ముతాయి. సినిమాల్లో చూపించినట్టు బిల్డింగంతా ఒకేసారి వాన కురవదు. ఏది వేడెక్కితే అదే తెరుచుకుంటుంది.

ఆ పైపుల డ్రాయింగులు గీయడమే నా ఉద్యోగం. ఈ పనిలో నేను తరచూ వినే మాట ఒకటుంది: "మాది షాపేనండీ, ఓసీ కూడా ఉంది. ఇంకేం చూడాలి?" చూడాల్సిందంతా అక్కడే ఉంది మరి!

రెండు వేర్వేరు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ బిల్డింగ్‌లో ఎవరుంటారు, ఏం చేస్తారు? 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ దీన్నిబట్టే భవనాలను గ్రూపులుగా విడదీసింది. ఇళ్లు, లాడ్జీలు, హోటళ్లు ఎ గ్రూపు. బడులు బి, ఆస్పత్రులు సి, సినిమా హాళ్లు డి, ఆఫీసులు ఇ, షాపులు ఎఫ్, ఫ్యాక్టరీలు జి, గోదాములు హెచ్, ప్రమాదకరమైన సరుకుండేవి జె. మెట్లు ఎన్నుండాలి, బయటికి దారి ఎంత దూరంలో ఉండాలి, అసలు స్ప్రింక్లర్లు పెట్టాలా వద్దా అన్నవి చాలావరకు ఈ గ్రూపు, బిల్డింగ్ ఎత్తు కలిసి తేలుస్తాయి.

రెండో ప్రశ్న: ఇక్కడ అంటుకుంటే ఏం మండుతుంది, ఎంత జోరుగా మండుతుంది? ఎన్ని నీళ్లు కావాలో చెప్పేది ఇదే. డిజైనర్లు ఎక్కువగా చూసే అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 దీన్ని లైట్, ఆర్డినరీ, ఎక్స్‌ట్రా హజార్డ్ అని విడదీస్తుంది. చివరి రెండింటిలో మళ్లీ రెండేసి గ్రూపులు. ఈ వర్గీకరణ స్ప్రింక్లర్ల కోసమే తప్ప ఇంకో పనికి వాడొద్దని కూడా అందులోనే ఉంది.

తేడా ఎంతంటే... ఆఫీసు లాంటి లైట్ హజార్డ్‌కి చాలాకాలంగా వాడుతున్న లెక్క ప్రకారం నిమిషానికి దాదాపు 570 లీటర్లు. షాపులు వచ్చే ఆర్డినరీ రెండో గ్రూపుకి సుమారు 1,130. ఎక్స్‌ట్రా రెండో గ్రూపుకి ఏకంగా 3,780! మీ డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. మొదటి లెక్కలో పావు తక్కువ రెండు నిమిషాలొస్తుంది. చివరి లెక్కలో పదహారు సెకన్లే.

పైగా ఒకే కప్పు కింద రెండు లెక్కలుండొచ్చు. నాటకాల థియేటర్ మొత్తం డి గ్రూపే. కానీ జనం కూర్చునే చోటు లైట్, తెరలూ సెట్టింగులూ ఉండే స్టేజి ఆర్డినరీ రెండో గ్రూపు. లైబ్రరీలో చదువుకునే గది లైట్, పుస్తకాల బీరువాలు వరుసలుగా పేర్చిన పెద్ద గది ఆర్డినరీ.

పేరు మారలేదు, సరుకు మారింది

ఈమధ్య ఒక కాంప్లెక్స్‌లో గ్రౌండ్ ఫ్లోర్ చూడ్డానికి వెళ్లాను. ఒకప్పుడు ఆఫీసుకని పైపులు వేసిన చోటది. ఇప్పుడు నిమిషాల్లో సరుకులు పంపే డార్క్ స్టోర్. సీలింగ్ దాకా ర్యాకులు. నూనె ప్యాకెట్లు, డైపర్లు, డియోడరెంట్ డబ్బాలు. వెనకాల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఐదారు బైకు బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉన్నాయి.

ర్యాకులు సర్దుతున్న కుర్రాడు అడిగాడు: "స్ప్రింక్లర్లు ఉన్నాయి కదన్నా, ఇంకేం భయం?"

"ఉన్నాయి తమ్ముడూ. కానీ అవి బల్లలూ కుర్చీలూ అంటుకుంటే ఆర్పడానికి పెట్టినవి. ఈ ర్యాకుల కోసం కాదు."

వాడు పైకి చూశాడు. ఆ తర్వాత బయటికెళ్లే తలుపు వైపు చూశాడు. దానికి అడ్డంగా అట్టపెట్టెలు.

యజమానికి రెండు దారులు రాసిచ్చాను. ర్యాకుల ఎత్తు, సరుకు తగ్గించి బ్యాటరీలు బయటికి పంపాలి. లేదా పైపులు, పంపు, ట్యాంకు అన్నీ కొత్త లెక్కతో మార్చాలి. ఇది రాసే సమయానికి ఆయన ఇంకా ఏదీ తేల్చలేదు.

సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్ 12 రాత్రి జరిగింది గుర్తుందా? కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన లాడ్జి. ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి ఏడాది నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముంటున్న అపార్ట్‌మెంట్. గ్రౌండ్ ఫ్లోర్‌లో కెమికల్ డ్రమ్ములు. రెండు చోట్లా పైన నిద్రపోయేవాళ్లు, కింద పూర్తిగా వేరే రకం ప్రమాదం.

కోడ్‌లు కూడా కాలంతో మారుతున్నాయి. 2022 ఎడిషన్‌లో ఎన్‌ఎఫ్‌పీఏ 13 కార్ల పార్కింగ్‌ని ఆర్డినరీ మొదటి గ్రూపు నుంచి రెండో గ్రూపుకి పెంచింది. పార్కింగ్ ఎప్పటిలా పార్కింగే. కార్లలోనే ప్లాస్టిక్ పెరిగిపోయింది.

మీరేం చూడొచ్చు?

మీరు పనిచేసే చోటో, ఉండే హాస్టలో... మూడు విషయాలు చూడండి. సరుకు స్ప్రింక్లర్‌కి కనీసం 45 సెంటీమీటర్లు కింద ఉందా? బ్యాటరీలు మెట్ల దగ్గరో, బయటికెళ్లే దారిలోనో ఛార్జ్ అవుతున్నాయా? మీ కింద ఫ్లోర్‌లో ఈ ఏడాది కొత్తగా ఏ వ్యాపారమైనా మొదలైందా? తేడా కనిపిస్తే ఫొటో తీసి అసోసియేషన్‌కో, మేనేజర్‌కో పంపండి. "పైపులు వేసినప్పుడు ఏ సరుకు లెక్కలో వేశారు?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఫైర్ ఇంజినీర్‌ని పిలిపించమనండి.