ఈతకొలనుల శుద్ధిలో క్లోరిన్ గుళికలు: పి.హెచ్. ప్రాధాన్యం

ఈతకొలనుల క్రిమిసంహారానికి వాడే క్లోరిన్ గుళికలలో కాల్షియం హైపోక్లోరైట్ ముఖ్యమైనది. ఇది నీటిలో కరిగి హైపోక్లోరస్ ఆమ్లాన్ని ఏర్పరుస్తుంది. సూక్ష్మజీవులను ప్రధానంగా నశింపజేసేది ఈ ఆమ్లమే. పి.హెచ్. 7.5 వద్ద స్వేచ్ఛా క్లోరిన్‌లో దాదాపు సగం ఈ రూపంలో ఉండగా, 8.0 వద్ద అది సుమారు నాలుగో వంతుకు తగ్గి, మిగిలినది బలహీనమైన హైపోక్లోరైట్ అయానుగా ఉంటుంది. ఈ గుళికలు స్వయంగా పి.హెచ్.ను పెంచుతాయి. కనుక దానిని సరిచేయకుండా మోతాదు మాత్రమే పెంచడం ప్రయోజనకరం కాదు.

అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాల సూచన ప్రకారం పి.హెచ్. 7.0–7.8 మధ్య ఉండాలి. స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు ఈతకొలనులో కనీసం 1 మి.గ్రా., వేడినీటి తొట్టెలో 3 మి.గ్రా. ఉండాలి. వేడికి క్లోరిన్ త్వరగా క్షీణిస్తుంది. ఘాటైన వాసన శుభ్రతకు గుర్తు కాదు; చెమట, మూత్రాలతో క్లోరిన్ చర్య జరిపినందున ఏర్పడిన క్లోరమైన్లకు అది సూచన. అందువల్ల నీటి శుద్ధతకు ప్రమాణం వాసన కాదు, పరీక్షయే.