పాట వెంట మేళమూ రావాలి

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వైపు వెళ్తుంటే చలి, పంట, యాసతో పాటు మేళం కూడా మారిపోతుంది. కింద పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్టు, ట్రంపెట్టు ఉన్న బ్యాండు మేళం వినిపిస్తుంది. పైన మన్యంలో చైత్ర పండక్కీ పెళ్లిళ్లకీ మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు మోగుతాయి. వాటికే ధింసా ఆడతారు. మేళగాళ్లు జోరు పెంచితే ఆడవాళ్ల వరస అడుగు పెంచుతుంది, వాళ్లు అలసిపోతే మేళం నెమ్మదిస్తుంది. ఒకరినొకరు చూసుకుంటూ నడిపించే ఆట అది.

విదేశాల్లో మన తెలుగు సంఘాల సంబరాల్లోనూ ఇప్పుడు ధింసా కనిపిస్తోంది. పిల్లలు మోకాళ్ల దాకా చీర కట్టి, వెనక నుంచి చేతులు కలుపుకుని ముచ్చటగా ఆడతారు. మేళం మాత్రం స్పీకర్లోంచి వస్తుంది. పిల్లలు అలసినా అది ఆగదు, ఉత్సాహపడినా జోరందుకోదు. నా బాధంతా అదే.

పుట్టిన నేలకు దూరంగా పాటను బతికించుకోవడంలో రోమా ప్రజలను మించినవాళ్లు నాకు తెలియదు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి పడమరకు వెళ్లిపోయారు. వాళ్ల భాషకూ హిందుస్తానీకీ ఉన్న చుట్టరికాన్ని 1782లోనే రూడిగర్ అనే జర్మన్ పండితుడు చూపించాడు. ఇప్పటి రుమేనియాలో వాళ్లు 1850ల దాకా బానిసలు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు లక్షల మంది రోమాలను చంపారు. అంత జరిగినా లౌతారులనే వృత్తి కళాకారుల ఇళ్లల్లో తండ్రి నుంచి కొడుక్కి వాద్యం అందుతూనే వచ్చింది.

రుమేనియాలోని క్లెజాన్ అనే పల్లెలో నికొలాయ్ నియాక్షు అనే పెద్ద లౌతారు ఉండేవాడు. వయొలిన్ తీగకు కమాను వెంట్రుక కట్టి, దాన్ని వేళ్లతో లాగుతూ వాయించేవాడు. 1993లో టోనీ గాట్లిఫ్ తీసిన 'లాచో డ్రోమ్' చిత్రంలో ఆయన్ని చూడవచ్చు. రాజస్థాన్‌లో మొదలై స్పెయిన్ దాకా సాగే చిత్రమది. ఆయన 2002లో కన్నుమూశాడు. అలాంటి విద్య రికార్డు విని పట్టుబడేది కాదు, పక్కన కూర్చుని ఆ వేళ్లను చూడాలి.

మన బ్యాండు మేళానికి దగ్గర చుట్టం అనదగ్గది ఈశాన్య రుమేనియాలో జెచే ప్రజీన్ అనే రోమా పల్లెలో ఉంది. మన బ్యాండుకు ఇంగ్లీషు పటాలాల వాద్యాలు వచ్చినట్టే, వాళ్లకు టర్కీ సైన్యపు బ్యాండ్ల సంప్రదాయం అబ్బింది. పెళ్లిళ్లకీ పండగలకీ వాయించుకునేవారు. 1996లో హెన్రీ ఎర్నస్ట్ అనే జర్మన్ ఆ ఊరు వెళ్లి విన్నాడు. పాటలు రికార్డు చేసుకోవడంతో సరిపెట్టక ఆ మేళాన్నే జర్మనీకి రప్పించాడు. అదే ఫన్‌ఫారె చొకర్లియా. ఆ తర్వాత వాళ్లు ప్రపంచమంతా తిరిగి వాయించారు. ఆయన చేసింది గొప్ప పని.

అంతదూరం ఎందుకు, మన మారిషస్ తెలుగువాళ్లనే చూడండి. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి ఓడెక్కినవాళ్లు సింహాద్రి అప్పన్నను వెంట తీసుకెళ్లారు. దీపం నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ రామభజన చేయడం అక్కడ నేటికీ ఉంది. ఇంట్లో క్రియోల్ మాట్లాడే మనవలు కూడా ఆ భజనలో తెలుగు పాడతారు. పాడే గొంతూ తాళం పట్టే చెయ్యీ తమవే కావడం వల్లే ఆ భజన నిలిచిందని నా నమ్మకం.

అందుకే మన సంఘం పెద్దలకు నా విన్నపం. వచ్చే సంబరాలకు మన్యం నుంచి మోరి, తుడుం వాయించేవాళ్లను పిలిపించండి. అమెరికాలో ఇలాంటి సంప్రదాయ కళాకారుల కోసం పి-3 వీసా ఉంది. పాస్‌పోర్టులు లేనివాళ్లుంటారు కాబట్టి ఏడాది ముందే పని మొదలుపెట్టాలి. శాలువాతో సరిపెట్టక, సినిమా గాయకులకు ఇచ్చినట్టే మాట్లాడుకున్న పారితోషికం చేతికివ్వండి. ఒక్క సాయంత్రపు ప్రదర్శనకే పరిమితం చేయకుండా మూడు నాలుగు వారాలు ఉంచుకుని మన పిల్లలకు నేర్పించమని అడగండి. చైత్ర మాసంలో మాత్రం పిలవకండి, అప్పుడు వాళ్లు వాళ్ల ఊరికి కావాలి.