తాళం తప్పని కంప్యూటరు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి కంప్యూటరు కావాలని షాపులో అడగండి. ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్, గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దది అని మొదలుపెడతారు. అన్నీ వేగం లెక్కలే. నిజానికి పాటకు అంత వేగం అక్కర్లేదు. సి.డి. నాణ్యతలో గొంతును పట్టాలంటే మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసుకుంటే చాలు. సెకనుకు వందల కోట్ల లెక్కలు చేసే చిప్పుకు అదొక పనే కాదు. చిక్కు వేరే చోట ఉంది. ఆ కొలతలు 22.7 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వస్తూనే ఉంటాయి. పాట మూడు నిమిషాలైనా, కచేరీ మూడు గంటలైనా అవి ఆగవు. మధ్యలో కాసిని జారిపోతే 'టప్' మని చెవికి తెలిసిపోతుంది. కంప్యూటరా, వేళాపాళా లేని యంత్రం. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదాని వెంట పోవడం దాని స్వభావం. ఈ యంత్రం చేత తాళం తప్పకుండా పని చేయించడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

మొట్టమొదట ఆ తిప్పలే లేవు. 1957లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాముతో ఐ.బి.ఎం. 704 అనే వాల్వుల కంప్యూటరు 17 సెకన్ల సంగీతాన్ని పుట్టించింది. పుట్టించిందే కానీ వినిపించలేదు. కంప్యూటరు న్యూయార్కు నగరంలో ఉంది, అంకెలను శబ్దంగా మార్చే పరికరం న్యూజెర్సీలోని మరే హిల్‌లో ఉంది. కంప్యూటరు తీరుబడిగా లెక్కలు కట్టి అంకెలన్నీ టేపు మీద రాసేది. ఆ టేపు చుట్టను మోసుకొచ్చి మరే హిల్‌లో వినేవారు. శబ్దం అప్పటికప్పుడు పలకాలన్న పట్టింపు లేదు కాబట్టి ఆలస్యమన్న మాటే రాలేదు.

ఇంతకీ ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడిది? మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దానికి రెట్టింపుకు మించి కొలతలు కావాలని సిద్ధాంతం. అలాగైతే 42,000 అయినా, 45,000 అయినా సరిపోయేది. 1970ల్లో అంత సమాచారాన్ని నిలవ చేయగల చవకైన సాధనం వీడియో టేపు ఒక్కటే. అంకెలను నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, టీవీ బొమ్మ గీతల మీద, గీతకు మూడేసి కొలతలు పెట్టేవారు. అమెరికా, జపాన్ల పద్ధతిలో 245 గీతలు, సెకనుకు 60 సార్లు. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో 294 గీతలు, సెకనుకు 50 సార్లు. ఎటు గుణించినా 44,100 వచ్చింది. 1982లో సి.డి. బజారుకొచ్చేసరికి అదే ఖాయమైపోయింది. టీవీ గీతలకూ ఘంటసాల గొంతుకూ ఏ సంబంధమూ లేదు, కానీ ఈనాడు ఆయన పాట సి.డి.లో వింటున్నా ఆ గీతల లెక్కే మోగుతోంది.

అంకెలను టేపు మీద పెట్టడం ఒక ఎత్తు, వాటిని కంప్యూటరులో పెట్టి కత్తిరించి అతకడం ఇంకో ఎత్తు. ఆ రెండోది వ్యాపారంగా చేసి చూపినవాడు యూటా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు థామస్ స్టాకమ్. వాటర్‌గేట్ కేసులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టేపుల్లో పద్దెనిమిదిన్నర నిమిషాల ఖాళీ ఎలా వచ్చిందో పరీక్షించిన నిపుణుల బృందంలో ఆయనా ఒకడు. 1975లో సౌండ్‌స్ట్రీమ్ అనే సంస్థ పెట్టి, దశాబ్దం చివరికల్లా పి.డి.పి.-11 కంప్యూటరు మీద శబ్దాన్ని తెర మీద తరంగంలా చూస్తూ ఎడిటింగ్ చేసే ఏర్పాటు చేశాడు. నేటి ప్రోగ్రాములన్నిటికీ ఆ తెరే మూలం. అయితే అది ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు, ఒక సంస్థ మాత్రమే మోయగల ఖర్చు.

ఇంటి దాకా తెచ్చిన కథ కాలిఫోర్నియాలో పీటర్ గాచర్, ఇవాన్ బ్రూక్స్ అనే ఇద్దరు కుర్రాళ్లది. 1983 ప్రాంతంలో వాళ్లు డ్రమ్ మెషీన్లకు కొత్త శబ్దాల చిప్పులు తయారుచేసి అమ్మేవారు. అదే వ్యాపారం పెరిగి డిజిడిజైన్ సంస్థ అయింది. 1989లో ఆపిల్ మాకింటాష్ కంప్యూటరుకు సౌండ్ టూల్స్ అనే శబ్దం ఎడిటింగ్ ఏర్పాటును, 1991లో నాలుగు ట్రాకుల ప్రో టూల్స్‌ను తెచ్చింది. ధర దాదాపు 6,000 డాలర్లు, కంప్యూటరు కాక. అంత ధర ఎందుకంటే, ఆనాటి మాక్ చిప్పు ఈ పనికి చాలదు. ధ్వని లెక్కలు చేయడానికే వేరే చిప్పున్న కార్డు అమర్చాలి. అంటే వేళ తప్పే చిప్పును నమ్మక, వేళ తప్పని ఇంకో చిప్పును దాని పక్కన కూర్చోబెట్టారు.

అప్పటి హార్డ్ డిస్కుల తిప్పలు ఇంకో రకం. స్టీరియో పాట నిమిషానికి పది మెగాబైట్లు తింటుంది. 40 మెగాబైట్ల డిస్కులో నాలుగు నిమిషాలకే చోటు అయిపోయేది. చోటున్నా బెడద తీరలేదు. డిస్కు వేడెక్కితే పళ్లేలు కాస్త వ్యాకోచిస్తాయి. రాసే ముల్లు దారి తప్పకుండా ఉండడానికి డిస్కు అప్పుడప్పుడూ పని ఆపి తనను తాను సరిచూసుకునేది. లెక్కలు రాసుకునే ఆఫీసులో ఆ క్షణకాలపు విరామం ఎవరికీ పట్టదు. పాట మధ్యలో వస్తే మాత్రం రికార్డింగ్ పోయినట్టే. చివరికి ఆ సర్దుబాటును వాయిదా వేసుకోగల డిస్కులను ప్రత్యేకంగా తయారుచేసి, ఆడియో వీడియో పనులకని ఎక్కువ ధరకు అమ్మారు.

ఈ లోపు మామూలు చిప్పులు బలిశాయి. 1996లో జర్మనీలోని స్టైన్‌బర్గ్ సంస్థ క్యూబేస్ వి.ఎస్.టి. అనే రికార్డింగ్ ప్రోగ్రామును తెచ్చింది. వేరే కార్డు లేకుండా కంప్యూటరు చిప్పే ప్రతిధ్వనులు, టోన్ సర్దుబాట్లు అప్పటికప్పుడు చేసేది. మరుసటేడు అదే సంస్థ ఏసియో అనే దొడ్డిదారి వేసింది. ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టే మజిలీలన్నీ తప్పించి శబ్దం సౌండ్ కార్డుకూ ప్రోగ్రాముకూ మధ్య నేరుగా నడిచే దారి అది. నన్నడిగితే ఇంటి రికార్డింగు అసలు పుట్టినరోజు అదే. 1999లో రికీ మార్టిన్ 'లివిన్ లా వీదా లోకా' మొత్తం ప్రో టూల్స్‌లోనే తయారై అమెరికాలో నంబర్ వన్ అయ్యాక, టేపు లేకుండా పెద్ద పాట రాదన్న వాదన మూలపడింది.

ఏసియో ఏం చేసిందో తెలియాలంటే బఫర్ సంగతి చూడాలి. మునిసిపాలిటీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు, వంటింటి కుళాయి మాత్రం ఎప్పుడు తిప్పినా రావాలి. అందుకే మేడ మీద ట్యాంకు. బఫర్ ఆ ట్యాంకే. కంప్యూటరు ఇంకో పనిలో పడి కాసేపు పట్టించుకోకపోయినా, ఈలోపు కొలతలు అందులో చేరుతుంటాయి. పెద్దదైతే భద్రం, కానీ నిండేదాకా ఆగాలి. 1,024 కొలతల బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కలిపి 46. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది కదా, గాయని తన గొంతునే దాదాపు 16 మీటర్ల అవతలి నుంచి వింటున్నట్టు ఉంటుంది. ఎంతటి లయజ్ఞానం ఉన్నా తడబడుతుంది. బఫర్ 256కు దించితే అది నాలుగు మీటర్లకు తగ్గుతుంది. ఇక పాడొచ్చు. అయితే ట్యాంకు చిన్నదైంది, కంప్యూటరు ఆరు మిల్లీసెకన్లు కూడా ఏమరకూడదు.

మన వైపు కూడా ఆ 1990ల్లోనే ఇళ్లు స్టూడియోలయ్యాయి. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఏ.ఆర్. రెహమాన్ చెన్నైలో తన ఇంటినే ఆనుకుని పెట్టుకున్న స్టూడియో అందరికీ తెలిసిందే. ఇవాళ హైదరాబాదులో డబ్బింగ్ చెప్పేవాళ్లు, ఆడియో పుస్తకాలు చదివేవాళ్లు, అమెరికాలో కూర్చుని ఇక్కడి సినిమాకు ట్రాక్ పాడి పంపేవాళ్లు బెడ్‌రూమ్ మూలలోనే పని కానిస్తున్నారు.

అలాంటి వారు పెట్టె కట్టించుకునేటప్పుడు షాపువాడి జాబితాలో సగం కొట్టేయవచ్చు. గ్రాఫిక్స్ కార్డు వద్దు, దాని ఫ్యాన్ల హోరు నేరుగా మైకులోకి పోతుంది. వేగంలో రికార్డులు బద్దలుకొట్టే ఎస్.ఎస్.డి. కూడా వద్దు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో పదహారు మైకులు ఒకేసారి పట్టినా సెకనుకు 2.3 మెగాబైట్లే. తిరిగే పళ్లేల డిస్కు గరగరలాడుతుంది గనక మామూలు ఎస్.ఎస్.డి. కొంటే సరి. ఒక ట్రాకు మీద వేసిన ప్లగిన్లు, అంటే ప్రతిధ్వని, టోన్ సర్దుబాటు వంటివి చేసే చిన్న ప్రోగ్రాములు, ఒకదాని తర్వాత ఒకటి నడవాలి, వాటిని నలుగురికి పంచడం కుదరదు. అందువల్ల కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోరు సత్తువ చూసుకోవాలి. గొంతు వరకైతే 16 జీబీ రామ్ చాలు. వీణ, వయొలిన్ల బృందాల శాంపిల్స్ (ముందే రికార్డు చేసిన శబ్దాలు) నింపుకునేవారు 32కు పోవాలి. ఫ్యాను ఎంత పెద్దదైతే అంత నిదానంగా తిరిగి అంతే గాలి తోలుతుంది, చప్పుడు తక్కువ. 140 మిల్లీమీటర్లవి పట్టే క్యాబినెట్ వెతకాలి. రికార్డు చేసేటప్పుడు వైఫై కట్టేయండి. దాని డ్రైవరు చిప్పును మధ్యలో లాగేసుకునే రకం.

మైకు సంకేతం మాత్రం పెట్టె లోపలికి అంకెలుగా మారాకే రావాలి. మదర్‌బోర్డు లోపల కరెంటు గోల ఎక్కువ, సన్నని సంకేతం అందులో చెడుతుంది. ఆ మార్పు చేసే యు.ఎస్.బి. ఆడియో ఇంటర్‌ఫేస్ బయట ఉండేది అందుకే.

ఇన్ని చేశాక కూడా చాలా ఇళ్లలో స్పీకర్లు ఆన్ చేయగానే సన్నగా 'మ్‌మ్' అని వినిపిస్తుంది. అది మన 50 హెర్ట్జ్ కరెంటు. కంప్యూటరు ఒక గోడ సాకెట్లో, స్పీకర్లు ఇంకో గోడ సాకెట్లో పెడితే రెండు ఎర్తుల మధ్య చిన్న కరెంటు ఆడియో కేబుల్ గుండా తిరుగుతుంది. మూడో పిన్ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పీకితే మోత పోవచ్చు, దాంతోపాటు షాకు నుంచి కాపాడే ఎర్తూ పోతుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, స్పీకర్లకు మోత పట్టనివ్వని బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వేయాలి. ఇంట్లో ఉన్నది చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కరెంటు పోయినప్పుడు రికార్డింగ్ ఆపేయడం మేలు. ల్యాప్‌టాప్ వాడేవారు ఛార్జరు తీసి బ్యాటరీ మీద ఒకసారి వినాలి. మోత ఆగితే దోషం ఛార్జరు దారిలో ఉంది, ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించుకోవాలి.