బదులు పలికే పలక

పడమటి కనుమల పాదం దగ్గర, తేని జిల్లాలో ఉన్న పట్టణం బోడినాయకనూరు. మధుర నాయకరాజుల నాటి డెబ్బైరెండు పాళెములలో ఇది ఒకటి. చుట్టుపక్కలవారు దీనిని బోడి అని పొట్టిపేరుతో పిలుస్తారు. తరతరాలుగా తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఊరి నుండి కొండదారి ఎక్కితే బోడిమెట్టు వస్తుంది. అది దాటితే కేరళ రాష్ట్రపు ఏలకుల తోటలు. ఆ తోటలలో పండిన ఏలకులు అమ్మకానికి కొండ దిగి బోడికి వస్తాయి.

పూర్వం ఈ ఏలకులను నోటితో పాట పాడి వేలం వేసేవారు. ఒకరు ధర చెబితే మరొకరు అంతకు పైధర పలికేవారు. 2007లో సుగంధ ద్రవ్యాల బోర్డు ఆ పద్ధతిని మార్చి కంప్యూటరు వేలాన్ని ప్రవేశపెట్టింది. బోడిలోను, కొండకు అవతల ఇడుక్కి జిల్లాలోని పుట్టడిలోను ఇది జరుగుతుంది. ప్రతి వర్తకుని ముందు ఒక తెర ఉంటుంది. అతడు మీట నొక్కితే ధర పెరుగుతుంది. ఇంకొకరు నొక్కితే ఆ పెరిగిన ధర వెంటనే అందరి తెరల మీదా కనిపిస్తుంది. ఇందులో గమనించదగిన సంగతి ఒకటుంది. వేలానికి వచ్చిన సరుకు మచ్చు చిన్న పళ్లెంలో వర్తకుని చేతికి అందుతుంది. అతడు కాయను వేళ్లతో నలిపి, వాసన చూసి, రంగు చూసి, ఆ తరువాతనే మీట నొక్కుతాడు. తెర ధర చెబుతుంది గాని వాసన చెప్పలేదు.

పిల్లలూ! ఇటువంటి తెరలు ఇప్పుడు బడులలోకి కూడా వచ్చాయి. అంతర్జాలంలో ఉచితంగా దొరికే బోధన సాధనాలను ఉపాధ్యాయులు తరగతిలో ఉపయోగిస్తున్నారు. వాటిలో మనకు పనికివచ్చేవి ఏవి, వాటిని ఎట్లా వాడుకోవాలి అన్నది ఈ పాఠంలో తెలుసుకొందాం.

తెర మీద పాఠం చెప్పడం కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం జరిగింది. అమెరికావారి ఉపగ్రహం ఒకదాని సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. ఉదయం పూట బడిపిల్లల కోసం ప్రత్యేకంగా పాఠాలు ఉండేవి. 2019లో తమిళనాడు ప్రభుత్వం కల్వి తొలైక్కాట్చి అనే విద్యా టెలివిజన్‌ను ప్రారంభించింది. ఇవన్నీ మేలు చేసినవే. అయితే టెలివిజన్ పాఠంలో ఒక లోటు ఉంది. అది మాట్లాడుతుంది, మనం వింటాము. అర్థం కాకపోయినా అది ఆగదు. మనం తప్పుగా అనుకొన్నా దానికి తెలియదు.

మనం చేసిన పనికి బదులిచ్చే సాధనం వేరు. మనం ఒక గీతను జరిపితే అది కోణాన్ని మార్చి చూపుతుంది. ఒక తీగను తప్పుగా కలిపితే దీపం వెలగదు. దీనినే పరస్పర స్పందన గల సాధనం అంటారు. పలక మీద బలపంతో మనం ఏమి రాసినా అది ఊరుకుంటుంది. ఈ పలక బదులు పలుకుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ అనే అమెరికా శాస్త్రవేత్త 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఒక పని ప్రారంభించాడు. గణిత, విజ్ఞానశాస్త్ర ప్రయోగాలను కంప్యూటరు తెర మీద ఎవరైనా ఉచితంగా చేసి చూసుకొనేటట్లు తయారుచేయించడం ఆ పని. ఆ సాధనాల పేరు ఫెట్. వాటిలో కొన్ని తెలుగులోకి కూడా వచ్చాయి. ఒకసారి దించి దాచుకొంటే, తరువాత అంతర్జాలం లేకపోయినా అవి పనిచేస్తాయి.

వాటిలో లోలకం ప్రయోగం ఒకటి. నేను చదువుకొన్న రోజుల్లో మా బడిలో లోలకం అద్దాల బీరువాలో ఉండేది. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో మాకు ఏనాడూ తెలియలేదు. ‘లోలకపు ఊపుకు పట్టే కాలం దాని బరువు మీద ఆధారపడదు’ అన్న వాక్యాన్ని మాత్రం కంఠస్థం చేసి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొన్నాము. నమ్మి రాశామని చెప్పలేను.

ఇప్పుడు ఈ పాఠాన్ని ఎట్లా చెప్పవచ్చునో చూడండి. మొదట తెరను ముట్టుకోకూడదు. ఒక దారం, ఒక రాయి తీసుకొని కిటికీ ఊచకు కట్టాలి. ఊచ నుండి రాయి నడుమ వరకు ఒక మీటరు పొడవు ఉండాలి. రాయిని కొద్దిగా పక్కకు లాగి వదలాలి. అది వెళ్లి తిరిగి మొదటి చోటికి వస్తే ఒక ఊపు. ఒక్క ఊపును కొలిస్తే చేతి గడియారంతో పొరపాటు పడవచ్చు. అందుచేత పది ఊపులు లెక్కపెట్టి, వచ్చిన కాలాన్ని పదితో భాగించాలి. పది ఊపులకు సుమారు 20 సెకన్లు పడుతుంది. అంటే ఒక ఊపుకు 2 సెకన్లు.

ఇప్పుడు ఉపాధ్యాయుడు అడుగుతాడు: ‘రెండింతల బరువున్న రాయి కడితే వేగంగా ఊగుతుందా, నిదానంగా ఊగుతుందా?’ ప్రతి విద్యార్థీ తన జవాబును ముందే నోటుపుస్తకంలో రాయాలి. ఇది ముఖ్యం. ముందుగా ఊహించి రాయని వాడికి, ఫలితం ఏది వచ్చినా ‘నేనూ అదే అనుకొన్నాను’ అనిపిస్తుంది. తరువాత తెర మీద బరువు మార్చి చూడాలి. కాలం మారదు. మళ్లీ కిటికీ దగ్గరకు వెళ్లి, పొడవు మారకుండా బరువు రాయి కట్టి చూసినా అదే ఫలితం వస్తుంది.

రెండవ ప్రశ్న: ‘ఊపుకు ఒక్క సెకను పట్టాలంటే దారం ఎంత ఉండాలి?’ చాలామంది సగం అంటారు. దారాన్ని 50 సెంటీమీటర్లు చేసి చూస్తే పది ఊపులకు 10 సెకన్లు రావు, సుమారు 14 వస్తాయి. దారాన్ని నాలుగవ వంతుకు, అంటే 25 సెంటీమీటర్లకు తగ్గించినప్పుడే 10 సెకన్లు వస్తాయి. సగం అన్నవారు తెర మీద పొడవును కొంచెం కొంచెంగా జరుపుకొంటూ ఆ 25ను తామే కనుగొంటారు. ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు దారం, రాయి చాలు. మూడవ ప్రశ్నకు మాత్రం అవి చాలవు. ‘ఇదే లోలకాన్ని చంద్రుని మీదికి తీసుకొనిపోతే?’ తెర మీద ఒక మీట జరిపితే భూమి పోయి చంద్రుడు వస్తాడు. చంద్రుని ఆకర్షణ భూమి ఆకర్షణలో సుమారు ఆరవ వంతు. మీటరు పొడవున్న లోలకం అక్కడ ఒక్కసారి ఊగడానికి దాదాపు 5 సెకన్లు తీసుకొంటుంది. దీనిని బోడిలోనే కాదు, ఏ ఊరి బడిలోనూ మరొక విధంగా చూపలేము. తెరకు నిజంగా విలువ ఉన్నది ఇక్కడ. కిటికీ ఊచకు కట్టి చేయగల పనిని కూడా తెరకే అప్పగిస్తే, వాసన చూడకుండా ఏలకులు కొన్నట్లే.

గణితానికి జియోజెబ్రా అనే సాధనం ఉంది. దీనిని 2001లో ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గ్‌లో మార్కుస్ హోహెన్‌వార్టర్ ప్రారంభించాడు. త్రిభుజపు మూలను పట్టుకొని ఎటు లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలుగానే నిలిచి ఉండడం దీనిలో చూడవచ్చు. తమిళనాడు గణిత పాఠ్యపుస్తకాలలో దీనితో చేయవలసిన పనులు ఇచ్చారు.

ఇక మన భాష సంగతి. దీనిని కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనం తెలుగు చదువుకొనేది తెలుగునాట కాదు. బజారులో పలకలు తమిళంలో ఉంటాయి, బస్సు మీద పేరు తమిళంలో ఉంటుంది. తెలుగు అక్షరం కనిపించేది ఈ పుస్తకంలోనే. కొన్ని ఇళ్లలో పెద్దలు తెలుగు చక్కగా మాట్లాడతారు గాని అందులో ఒక్క అక్షరం చదవలేరు. అటువంటి ఇంటి పిల్లవాడికి తెర మీద తెలుగు అక్షరం తన వేలితో పుట్టించడం చిన్న విషయం కాదు.

తెలుగు అక్షరాలు కొట్టడానికి రెండు దారులు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో ఎ, ఎమ్, ఎమ్, ఎ అని కొడితే అమ్మ అని మార్చి ఇచ్చేది ఒకటి. ఇది సులువే. కాని అమ్మను రాయడానికి ముందు ఇంగ్లీషును తలచుకోవాలి. రెండవది భారతీయ భాషల కోసం ఏర్పరచిన ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక. దీనికి 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదం లభించింది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులలో ఎక్కువ భాగం కుడిచేతి వైపు ఉంటాయి. అన్నిటికంటే మనకు మేలైన సంగతి: ఒకే మీట తెలుగులో కకారాన్ని, తమిళంలోనూ కకారాన్నే ఇస్తుంది. ఒక లిపికి వేళ్లు అలవాటు పడితే రెండవది సగం వచ్చినట్లే.

అమ్మ అని కొట్టి చూద్దాం. షిఫ్టు మీట పట్టుకొని ఇంగ్లీషు డి ఉన్న మీట నొక్కితే అ వస్తుంది. సి ఉన్న మీట నొక్కితే మ వస్తుంది. షిఫ్టు లేకుండా డి మీట నొక్కితే పొల్లు. మళ్లీ సి నొక్కితే మ. నాలుగు నొక్కులు. పొల్లు పడిన మకారం పక్కకు మరో మకారం రాగానే అది కిందికి దిగి ఒత్తుగా మారుతుంది. తమిళంలో అమ్మా అని రాయడానికి కూడా ఈ నాలుగు నొక్కులే, చివర దీర్ఘానికి ఇంకొకటి. అయితే అక్కడ ఒత్తు రాదు. మొదటి మకారం నెత్తిన చుక్క నిలుస్తుంది. దానిని పుళ్ళి అంటారు. మన ఒత్తు, తమిళుల చుక్క ఒకే పనికి రెండు రూపాలని వ్యాకరణం చెబితే తలకెక్కని వారికి ఈ వేళ్ల పని చెబుతుంది. అ ఇచ్చే మీటనే పొల్లు కూడా ఇవ్వడం చూశారా? హల్లులో దాగి ఉన్న అకారాన్ని తీసివేసేదే పొల్లు. ఈ అమరిక చేసినవారికి మన అక్షరాల గుణం తెలుసు.

అక్షరాలు వచ్చిన తరువాత చేయదగిన పనులు అనేకం. 2015లో ప్రథమ్ బుక్స్ సంస్థ స్టోరీవీవర్ పేరుతో పిల్లల బొమ్మల కథలను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. వాటిని చదవడమే కాదు, ఒక భాషలోని కథను మరొక భాషలోకి మార్చి రాయవచ్చు. తమిళం, తెలుగు రెండూ తెలిసిన మీవంటి పిల్లలకు ఇది తగిన పని. హైదరాబాదులోని పిల్లవాడు తమిళ కథను తెలుగు చేయలేడు, మీరు చేయగలరు.

కాని ఒక చిక్కు ఉంది. అంతర్జాలంలోని తెలుగు అభ్యాసాలు చాలావరకు ఒక్క జవాబునే ఒప్పుగా తీసుకొంటాయి. బొమ్మలో ఉన్నది ఏమిటి అని అడిగితే ‘వేరుశనగ’ అని రాయాలి. ‘శనక్కాయ’ అని రాస్తే తెర ఎర్రబడి తప్పు అంటుంది. రాయలసీమలో చెనక్కాయ అంటారు, తెలంగాణలో పల్లీ అంటారు. సొరకాయను ఆనపకాయ అనేవారూ ఉన్నారు. ఇవన్నీ తెలుగే. నానమ్మ నోట విన్న మాటను యంత్రం తప్పు అంటే పిల్లవాడు యంత్రాన్ని నమ్మి నానమ్మను అనుమానిస్తాడు. దీనికి మార్గం లేకపోలేదు. గూగుల్ ఫారమ్స్ వంటి సాధనంతో ఉపాధ్యాయుడే ప్రశ్నలు తయారుచేస్తే, ఒక ప్రశ్నకు నాలుగైదు ఒప్పు జవాబులు చేర్చవచ్చు. ఆ జవాబులు ఏవో చెప్పవలసింది మీరు.

మాటలు పోగుచేయడం పెద్ద పండితుల పని అని అనుకోవద్దు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుండి రైతుల మాటలు సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వెలువడింది. బోడి ఇళ్ల మాటలు అందులోకి రాలేదు. తెలుగు ఇంటిభాషగా గల తమిళ రచయిత కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి పల్లెల తమిళ మాటలను ఏరి 1982లో నిఘంటువుగా ప్రకటించాడు. ఆయన బడి చదువు పెద్దగా చదివినవాడు కాదు. ఇటువంటి పనిని ఒక తరగతి నేడు ఉచితంగా దొరికే ఉమ్మడి పట్టికలో చేయవచ్చు. ఒక వరుసలో మాట, దాని పక్కన అర్థం, ఎవరి నోట విన్నదీ (నానమ్మ, మేనమామ, పక్కింటి అత్త), ఆ మాటతో ఒక వాక్యం. అనుమతి తీసుకొని వారి గొంతును కూడా భద్రపరచవచ్చు.

ఉచితం అన్న మాటను గురించి కొంత జాగ్రత్త అవసరం. డబ్బు అడగని సాధనం మీ పేరు, ఫోను నంబరు, పుట్టినతేదీ అడగవచ్చు. ఉపాధ్యాయుడు చెప్పనిదే అవి ఇవ్వకూడదు. మరొకటి, ఉచితంగా వచ్చినది ఏనాడైనా ఆగిపోవచ్చు. ఫ్లాష్ అనే సాంకేతిక విధానానికి 2020 డిసెంబరుతో కాలం చెల్లింది. దాని మీద ఆధారపడిన పాఠాలు ఎన్నో పనిచేయడం మానివేశాయి. తరగతులలో బాగా వాడిన జామ్‌బోర్డు అనే గూగుల్ తెల్లబోర్డు 2024 చివర మూతపడింది. అందుచేత మాటల పట్టికను ప్రతి నెలా అచ్చుతీసి, లేదా చేతితో ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, బీరువాలో పెట్టాలి. తాళంచెవి ఎక్కడుందో అందరికీ తెలిసి ఉండాలి.

చిన్న బడులలో కంప్యూటరు ఒక్కటే ఉండవచ్చు. ఒక్కటున్నా చాలు, మీట ఒక్కరి చేతిలోనే ఉండిపోకపోతే. చొరవ గలవాడు ముందు కూర్చుంటాడు, మిగిలినవారు వెనుక నుంచి చూస్తారు. అప్పుడది మళ్లీ టెలివిజనే. కాబట్టి మీట పట్టినవాడు మాట్లాడకూడదని, ఏది నొక్కాలో మిగిలినవారే చెప్పాలని నియమం పెట్టుకొని, ఐదు నిమిషాలకు ఒకసారి చేయి మార్చుకోవాలి. కరెంటు పోయిన రోజున కిటికీ ఊచకు కట్టిన దారం, రాయి అక్కడే ఉంటాయి.