వెబ్‌సైట్ కట్టడం వారం పని, కాపాడటం ఏడాది పొడుగునా పని

ఈ హాస్టల్‌లో ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకొని చదువుకున్న ముగ్గురం మేము. ఇప్పుడు ఎం.సి.ఏ. చదువుతున్నాము. మా మూడిళ్ళలోనూ డిగ్రీ పట్టా మాతోనే మొదలు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, మేము చేసిన ఒక తప్పునూ, దానితో నేర్చుకున్న పాఠాన్నీ రాస్తే తమ్ముళ్ళకు పనికొస్తుందని అనుకున్నాము.

అసలు జరిగింది ఏమిటి?

మాలో ఒకరి పిన్ని గుంటూరు జిల్లాలో పచ్చళ్ళు, కారప్పొడులు చేసి అమ్ముతారు. 2023 దసరాకు ఆమెకు వర్డ్‌ప్రెస్‌తో ఒక వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చాము. 6,000 రూపాయలు తీసుకున్నాము. చదువుతో సంపాదించిన మొదటి డబ్బు అది. ఆర్డర్లు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి రావడం మొదలయింది. మా పని అయిపోయిందనుకొని పరీక్షల్లో పడిపోయాము.

2024 ఏప్రిల్ చివర, సరిగ్గా ఆవకాయ కాలంలో, పిన్ని ఫోన్ చేశారు. ఫోన్‌లో సైట్ తెరిస్తే పచ్చళ్ళకు బదులు జూదం ఆటల ప్రకటనలు వస్తున్నాయి. రెండు రోజులకు బ్రౌజర్ ఎర్ర తెరతో "ఈ సైటు ప్రమాదకరం" అని హెచ్చరించడం మొదలుపెట్టింది. వెతికితే తేలింది ఇదీ: ఉత్తరాలు పంపే ఫారం కోసం పెట్టిన ఒక ప్లగిన్‌లో లోపం ఉంది. దాన్ని తయారుచేసినవారు సరిచేసి కొత్త వెర్షన్ ఇచ్చి అప్పటికే నెలలు దాటింది. మేము ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళి చూడలేదు. హోస్టింగ్ వారి దగ్గర ఏడు రోజుల బ్యాకప్పులే ఉన్నాయి, ఏడింటిలోనూ ఆ చెడు కోడ్ ఉంది. పిన్ని నోటుపుస్తకం ముందు పెట్టుకొని సైటు మొత్తం మళ్ళీ మొదటి నుంచి కట్టాము. పన్నెండు రోజులు పట్టింది. ఆవకాయ ఆర్డర్లు చాలావరకు పోయాయి. "చదువుకున్న పిల్లలని మీకు అప్పగించానురా" అన్నారు పిన్ని. తిట్టినా బాగుండేది.

అప్‌డేట్ అంటే ఏమిటి?

చాలామంది అప్‌డేట్ అంటే కొత్త హంగులు అనుకుంటారు. కొన్ని అలాంటివే. కానీ ముఖ్యమైనవి లోపాలను సరిచేసేవి. ఒక తాళాల కంపెనీ "మా ఫలానా తాళం మేకుతో కూడా తెరుచుకుంటుంది, తెచ్చి బాగుచేయించుకోండి" అని ఊరంతా చాటింపు వేయించిందనుకోండి. ఆ చాటింపు మనతో పాటు దొంగలూ వింటారు. ఆ రోజు నుంచి తాళం మార్చుకోని ఇళ్ళన్నీ వారికి తేలిక. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. సవరణ బయటకు వచ్చిన తరువాతే పాత వెర్షన్‌కు ముప్పు ఎక్కువ.

దీనికి ఉదాహరణ చూడండి. 2017 జనవరి 26న వర్డ్‌ప్రెస్ 4.7.2 వెర్షన్ వచ్చింది. అందులో ఒక పెద్ద లోపానికి సవరణ ఉంది. వారం లోపల, ఫిబ్రవరి 1న ఆ లోపం వివరాలు బయటపెట్టారు. ఆ తరువాత కొద్ది రోజుల్లోనే, అప్‌డేట్ చేసుకోని సైట్లలో లక్షల పేజీలను దుండగులు చెరిపి తమ రాతలు రాసిపోయారు. అదే ఏడాది మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చింది మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే.

"మా చిన్న పచ్చళ్ళ సైటు మీద ఎవరికి పగ?" అని మేమూ అనుకున్నాము. పగ ఎవరికీ లేదు. పాత వెర్షన్ ఎక్కడుందో వెతికేది మనిషి కాదు, ప్రోగ్రాము. దానికి చిన్నా పెద్దా తేడా తెలియదు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి కనుక ఒక్క కన్నం దొరికితే వేల ఇళ్ళు దొరికినట్లే.

ఇంకో అపోహ కూడా మాకు ఉండేది. 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ చిన్న సవరణలను తనంతట తానే వేసుకుంటుంది. 6.4 నుంచి 6.4.1కి మారడం అలాంటిది. ప్లగిన్లు, థీములు మాత్రం మనం చెప్పనిదే మారవు. వాటికి కూడా ఆటోమేటిక్ సదుపాయం 2020లో 5.5 వెర్షన్‌తో వచ్చింది, కానీ దాన్ని మనమే ఆన్ చేయాలి.

తొందరపడినా ముప్పే

దెబ్బ తిన్న భయంతో జూన్‌లో ఒక రాత్రి పదకొండు అప్‌డేట్లు ఒకేసారి నొక్కేశాము. తెల్లారేసరికి సైట్ స్థానంలో ఖాళీ తెల్ల తెర! డబ్బు చెల్లింపు ప్లగిన్‌కూ, దుకాణం ప్లగిన్ కొత్త వెర్షన్‌కూ పొసగలేదు. పదకొండింటిలో తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక పూట పట్టింది. అప్‌డేట్ చేయకపోవడం ఎంత తప్పో, చూడకుండా చేయడం అంత తప్పని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మేము పాటిస్తున్న పద్ధతి

1. ముందు బ్యాకప్. ఫైళ్ళు, డేటాబేస్ రెండూ తీయాలి. ఒక కాపీ సర్వర్ బయట ఉండాలి. నెలల పాత కాపీలు కూడా కొన్ని ఉంచాలి. అప్పుడప్పుడు ఆ కాపీతో సైట్ నిజంగా లేస్తుందో లేదో చూసుకోవాలి. విప్పి చూడని బ్యాకప్‌ను నమ్మలేము.

2. వారానికి ఒక రోజు. మేము మంగళవారం ఉదయం పెట్టుకున్నాము. పండుగ ముందు, ఆర్డర్లు ఎక్కువగా ఉండే వేళల్లో ముట్టుకోము. భద్రతా సవరణ అయితే మాత్రం వారం ఆగము, అదే రోజు వేస్తాము.

3. ముందు నకలు సైటులో ప్రయత్నం. దీన్ని స్టేజింగ్ అంటారు. చాలా హోస్టింగ్ కంపెనీలు ఈ సదుపాయం ఇస్తున్నాయి. అక్కడ బాగుంటేనే అసలు సైటులో.

4. ఒక్కొక్కటిగా. ఒకటి వేయడం, ఫోన్‌లో సైట్ తెరిచి ఒక ఉత్తుత్తి ఆర్డర్ పెట్టి చూడడం, తరువాత రెండోది.

5. రిజిస్టర్. మన హాస్టల్ స్టాకు రిజిస్టర్ లాగే తేదీ, ప్లగిన్ పేరు, పాత వెర్షన్, కొత్త వెర్షన్, చేసినవారి సంతకం. తప్పు జరిగితే ఎక్కడికి వెనక్కి వెళ్ళాలో అదే చెబుతుంది.

6. వాడనివి తీసేయడం. ఆపివేసిన ప్లగిన్ ఫైళ్ళు కూడా సర్వర్‌లోనే ఉంటాయి. వాటిలోని లోపమూ ఉంటుంది. అందుకే ఆపడం కాదు, తొలగించాలి.

7. దొంగ కాపీలు వద్దు. డబ్బు పెట్టి కొనాల్సినవి ఉచితంగా దొరికితే వాటికి అప్‌డేట్లు రావు, పైగా లోపల దొడ్డిదారి పెట్టి ఉండవచ్చు.

8. పునాది కూడా చూడాలి. వర్డ్‌ప్రెస్ కింద పీహెచ్‌పీ ఉంటుంది. ఉదాహరణకు దాని 7.4 వెర్షన్‌కు భద్రతా సవరణలు 2022 నవంబరుతో ఆగిపోయాయి.

ఎప్పుడైనా తెల్ల తెర వస్తే కంగారు పడకండి. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి, ఏ ప్లగిన్ వల్ల ఆగిందో సాధారణంగా సైట్ యజమాని ఈమెయిల్‌కు కబురు వస్తుంది, లోపలికి వెళ్ళి దాన్ని ఆపవచ్చు. అదీ కుదరకపోతే హోస్టింగ్‌లోని ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చితే అది ఆగిపోతుంది.

చివరిగా

తమ్ముళ్ళూ, రేపు మీలో ఎందరో ఊళ్ళో దుకాణానికో, బడికో, సంఘానికో సైట్ చేసి ఇస్తారు. డబ్బు తీసుకునే రోజే నెలనెలా చూసేదెవరో, దానికి ఎంతో కాగితం మీద రాసుకోండి. చిరునామా, ఫోన్ నంబరు మాత్రమే కావాలనేవారికి వర్డ్‌ప్రెస్ అంటగట్టకండి. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ చాలు, దానికి ఇంత కాపలా అక్కర్లేదు.

పిన్ని మళ్ళీ మాకే అప్పగించారు. నెలకు 300 రూపాయలు ఇస్తున్నారు. 2025 ఆవకాయ కాలంలో సైట్ ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆర్డర్ పెట్టే ప్రతివారూ తమ ఇంటి చిరునామా, ఫోన్ నంబరు పిన్నిని నమ్మి ఇస్తారు, పిన్ని మమ్మల్ని నమ్మి వదిలేస్తారు. మన ఇళ్ళలో ముందు చదివినవారు లేరు, అడిగి తెలుసుకునే దిక్కు లేదు. అందుకే ముందు పడినవాళ్ళం వెనక వచ్చేవారికి చెప్పాలి. సందేహం వస్తే సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి, మాకు తెలిసినంత చెబుతాము.

— మీ పూర్వ విద్యార్థులు